మీటర్, తేమ యంత్రం, క్రెడిట్ స్కోర్: మిమ్మల్ని కొలిచే అంకె తప్పయితే అగ్రిమెంట్ ఏం చెబుతోంది?

హనుమకొండ జిల్లా ధర్మసాగర్‌లో మీకు ఒక ఇల్లు, కొంత పొలం ఉన్నాయనుకుందాం. మీరు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నా, అక్కడి లెక్కలు మీ ఫోన్‌కే వస్తుంటాయి. ఇంటి కరెంట్ బిల్లును మీటర్ తేలుస్తుంది. పత్తి ధరను తేమ యంత్రం తేలుస్తుంది. అమ్మగారి గొలుసు మీద ఎంత లోన్ వస్తుందో క్యారెట్ పరీక్ష, మీ పర్సనల్ లోన్ వస్తుందో రాదో క్రెడిట్ స్కోర్, యాక్సిడెంట్ అయిన కారుకు ఎంత ఇవ్వాలో సర్వేయర్ రిపోర్టు చెబుతాయి.

ఇవన్నీ వేర్వేరు రంగాలు. కానీ అన్నిచోట్లా జరిగేది ఒక్కటే. ఒక సాధనం ఒక అంకె చెబుతుంది, ఆ అంకెను మీరు ఒప్పుకున్నట్టే అని అగ్రిమెంట్‌లో ఎక్కడో రాసి ఉంటుంది. చాలాసార్లు ఆ సాధనం మీ చేతిలో కాదు, అవతలి పార్టీ చేతిలో ఉంటుంది. అంకె తప్పని మీకు అనిపిస్తే ఏం చేయొచ్చు? ఎన్ని రోజుల్లో చేయాలి? రంగాల వారీగా చూద్దాం.

ముందు ఈ నాలుగు ప్రశ్నలు

ఏ అగ్రిమెంట్ అయినా సంతకం పెట్టే ముందు, యాప్‌లో అయితే 'ఐ అగ్రీ' నొక్కే ముందు, ఈ నాలుగు విషయాలు వెతకండి.

1. కొలిచేది ఎవరు? అవతలి పార్టీయా, మూడో వ్యక్తా?
2. కొలిచేటప్పుడు మీరు అక్కడ ఉండొచ్చా? వచ్చిన అంకెను కాగితం మీద ఇస్తారా?
3. మళ్లీ కొలవమని అడగొచ్చా? ఆ ఖర్చు ఎవరిది?
4. అభ్యంతరం చెప్పడానికి గడువు ఎంత? ఎవరికి చెప్పాలి?

నాలుగింటికీ జవాబు అగ్రిమెంట్‌లోనే ఉండాలని లేదు. కొన్ని రంగాల్లో చట్టమే జవాబు చెబుతుంది. అలాంటి చోట అగ్రిమెంట్‌లో లేకపోయినా ఆ హక్కు మీదే.

కరెంట్ మీటర్: ఏడు రోజుల విషయం జాగ్రత్త

ధర్మసాగర్‌కు కరెంట్ ఇచ్చేది హనుమకొండ కేంద్రంగా పనిచేసే టీజీఎన్‌పీడీసీఎల్. కనెక్షన్ తీసుకున్నప్పుడు మీరు సంతకం పెట్టిన దరఖాస్తు ద్వారా, 'జనరల్ టర్మ్స్ అండ్ కండిషన్స్ ఆఫ్ సప్లై' అనే నిబంధనలన్నింటికీ ఒప్పుకున్నట్టే. మీటర్, రీడింగ్, పరీక్ష, తనిఖీలకు సంబంధించిన నియమాలు వాటిలో ఉంటాయి.

బిల్లు ఒక్కసారిగా పెరిగి, మీటర్ వేగంగా తిరుగుతోందని అనుమానం వస్తే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. కేంద్రం 2020లో తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, ఫిర్యాదు వచ్చిన 30 రోజుల్లో మీటర్‌ను పరీక్షించాలి. 2024 సవరణతో మరో వెసులుబాటు వచ్చింది. వాడకానికి, రీడింగ్‌కు పొంతన లేదని మీరు ఫిర్యాదు చేస్తే 5 రోజుల్లో అదనపు మీటర్ పెట్టి, కనీసం 3 నెలలు రెండింటినీ పోల్చి చూడాలి.

దీనికంటే పెద్ద చిక్కు తనిఖీలతో వస్తుంది. ఇంటి కనెక్షన్‌తో షాపు నడుపుతున్నారనో, అనుమతి లేకుండా లోడ్ పెంచారనో అధికారులు భావిస్తే, 2003 విద్యుత్ చట్టంలోని 126వ సెక్షన్ కింద 'ప్రొవిజనల్ అసెస్‌మెంట్' నోటీసు ఇస్తారు. ఇందులో లెక్క మామూలు టారిఫ్‌కు రెట్టింపు. ఎప్పటి నుంచి అలా వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు లెక్కగడతారు.

ఈ నోటీసు అందాక రెండు దారులు ఉంటాయి. లెక్కను ఒప్పుకుంటే 7 రోజుల్లో డబ్బు కట్టొచ్చు. ఒప్పుకోకపోతే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. అప్పుడు మీ వాదన విని, నోటీసు అందిన 30 రోజుల్లో తుది ఉత్తర్వు ఇవ్వాలి. భయపడి ముందే మొత్తం కట్టేస్తే లెక్కను ఒప్పుకున్నట్టు అవుతుంది. తుది ఉత్తర్వు మీదా అభ్యంతరం ఉంటే 30 రోజుల్లో అప్పీల్‌కు వెళ్లొచ్చు. అయితే అసెస్ చేసిన మొత్తంలో సగం ముందుగా జమ చేయాలి.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. 126 కింద వేసిన అసెస్‌మెంట్ మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం కుదరదని సుప్రీంకోర్టు 2013లో తేల్చింది. అక్కడికి వెళ్లి తిరిగి వచ్చేలోపు అప్పీల్ గడువు దాటిపోవచ్చు. మామూలు బిల్లు, మీటర్ ఫిర్యాదులకు మాత్రం డిస్కంలోనే ఉన్న ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆ పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

వడ్లు, పత్తి: రసీదే మీ అగ్రిమెంట్

కొనుగోలు కేంద్రంలో రైతు చేతికి అగ్రిమెంట్ అంటూ ఏదీ రాదు. ప్రభుత్వం ప్రకటించే నాణ్యతా ప్రమాణాలే షరతులు. వడ్లకు తేమ 17 శాతం మించకూడదు. పత్తికి సీసీఐ లెక్క వేరు. 8 శాతం తేమ వరకు పూర్తి మద్దతు ధర ఇస్తారు. ఆపైన ప్రతి ఒక్క శాతానికి ధరలో ఒక శాతం చొప్పున కోస్తారు. 12 శాతం దాటితే కొనరు.

దీన్ని రూపాయల్లో చూద్దాం. 2025–26 సీజన్‌లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. యంత్రం 11 శాతం తేమ చూపిస్తే 3 శాతం కోత, అంటే క్వింటాలుకు 243 రూపాయల 30 పైసలు. పది క్వింటాళ్లకు 2,433 రూపాయలు. అదే యంత్రం 12 శాతానికి కొంచెం పైన చూపిస్తే బండి వెనక్కి తిప్పుకోవాల్సిందే. ఒకే లోడులో పైన ఎండిన పత్తికి, అడుగున ఉన్న పత్తికి రీడింగ్ వేరుగా రావచ్చు. అందుకే ఒక్క చోట కాకుండా నాలుగైదు చోట్ల తేమ చూడమని అడగండి. రీడింగ్ కనిపించేలా యంత్రాన్ని ఫోటో తీయండి.

వడ్ల విషయంలో ఏటా వినిపించే ఫిర్యాదు వేరే. కేంద్రంలో కాంటా అయిపోయి లారీ మిల్లుకు వెళ్లాక, తాలు ఉందనో తేమ ఉందనో 'తరుగు' తీయమంటారని రైతులు చెబుతుంటారు. రెండోసారి కొలిచేటప్పుడు రైతు అక్కడ ఉండడు. అందుకే కాంటా కాగానే తూకం, బస్తాల సంఖ్య, తేమ శాతం రాసిన రసీదు తీసుకోండి. తర్వాత ఎవరు తగ్గించినా, దేన్నుంచి తగ్గించారో చూపించే ఆధారం అదొక్కటే. కాంటాకు తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉందో లేదో కూడా చూడండి. ఊళ్లో నాన్నగారు ఒక్కరే ఉంటే ఈ ఫోటోలు వాట్సాప్‌లో పంపించమని చెప్పండి. పౌరసరఫరాల శాఖ ఫిర్యాదు నంబర్ 1967.

బంగారం లోన్: పరీక్ష మీ కళ్ల ముందే

గోల్డ్ లోన్‌లో గొడవలు ఎక్కువగా రెండు చోట్ల వస్తాయి. ఒకటి క్యారెట్, రెండోది రాళ్లు, పూసల పేరుతో తీసేసే బరువు. రిజర్వ్ బ్యాంక్ 2025 జూన్‌లో ఇచ్చిన ఆదేశాలు ఈ రెండింటి మీదా స్పష్టత ఇచ్చాయి. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు వీటిని పాటించడానికి పెట్టిన గడువు 2026 ఏప్రిల్ 1.

వాటి ప్రకారం, బంగారాన్ని పరీక్షించేటప్పుడు అప్పు తీసుకునే వ్యక్తి అక్కడే ఉండాలి. స్వచ్ఛత, మొత్తం బరువు, నికర బరువు, ఎందుకు ఎంత తగ్గించారు, విలువ ఎంత అనే వివరాలతో సర్టిఫికెట్ ఇవ్వాలి. విలువ కట్టడానికి గత 30 రోజుల సగటు ధర, ముందురోజు ముగింపు ధర రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని తీసుకుంటారు. ఇంటి అవసరాలకు తీసుకునే లోన్ 2.5 లక్షల వరకు అయితే విలువలో 85 శాతం, 2.5 నుంచి 5 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం దాకా ఇవ్వొచ్చు.

ఈ సర్టిఫికెట్‌ను లోన్ తీరేదాకా జాగ్రత్త చేయండి. నగ తిరిగి తీసుకునేటప్పుడు బరువు సరిచూసుకోవడానికి అదే ఆధారం. అప్పు పూర్తిగా తీర్చాక 7 పనిదినాల్లో నగ ఇవ్వకపోతే, తప్పు సంస్థదైతే, ఆలస్యమైన ప్రతి రోజుకు 5,000 రూపాయల పరిహారం ఇవ్వాలి.

క్రెడిట్ స్కోర్: తప్పు దిద్దకపోతే రోజుకు 100

లోన్ దరఖాస్తులో 'క్రెడిట్ సమాచారం తెప్పించుకోవడానికి, పంచుకోవడానికి అంగీకరిస్తున్నాను' అనే వాక్యం తప్పకుండా ఉంటుంది. అది ఒప్పుకోకుండా లోన్ రాదు. కానీ ఆ రిపోర్టులో ఉన్నదంతా నిజమని మాత్రం మీరు ఒప్పుకున్నట్టు కాదు.

స్కోర్ 300 నుంచి 900 మధ్య ఉంటుంది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. తీరిపోయిన లోన్ ఇంకా బాకీగా కనిపించినా, మీకు తెలియని లోన్ మీ పేరున ఉన్నా వెంటనే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అందుకే ఫోన్‌లో చెప్పి వదిలేయకుండా, తేదీ, నంబర్ ఉండేలా ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి. అయినా తేలకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. సమాచారం కోసం 14448.

వాహన బీమా: సర్వేయర్ రాకముందే సగం తేలిపోతుంది

క్లెయిమ్ తక్కువ వచ్చిందంటే సర్వేయరే కారణమని అనుకుంటాం. కానీ చాలావరకు లెక్క పాలసీ కాగితంలోనే ఉంటుంది. మామూలు సమగ్ర పాలసీలో బంపర్ వంటి ప్లాస్టిక్ భాగాలు, రబ్బరు, టైర్లు, బ్యాటరీకి 50 శాతం తరుగుదల తీసేస్తారు. కొత్త బంపర్ 10,000 రూపాయలైతే మీకు వచ్చేది 5,000. 'జీరో డెప్' తీసుకుంటేనే ఈ కోత ఉండదు. బండి పూర్తిగా పోతే ఇచ్చేది ఐడీవీ. ప్రీమియం తగ్గుతుందని ఏజెంట్ చెబితే ఐడీవీ తగ్గించుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

సర్వేయర్ వచ్చేదాకా బండిని రిపేర్ చేయించొద్దు. దెబ్బతిన్న భాగాలన్నీ ఫోటోలు తీయండి. అంచనా మీద అనుమానం ఉంటే సర్వే రిపోర్టు కాపీ అడగండి, ఏ లైన్ మీద అభ్యంతరమో రాసి ఇవ్వండి. కంపెనీ నెలలోగా జవాబివ్వకపోతే, లేదా జవాబు నచ్చకపోతే, హైదరాబాద్‌లో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. 50 లక్షల రూపాయల వరకు వివాదాలను ఫీజు లేకుండా వింటారు. ఐఆర్‌డీఏఐ హెల్ప్‌లైన్ 155255.

ఉద్యోగం, డెలివరీ యాప్: నియమాలు ఇంకా వస్తూనే ఉన్నాయి

నాలుగు ప్రశ్నలకూ జవాబు దొరకడం కష్టమయ్యేది ఇక్కడే. ఆఫర్ లెటర్‌లో 'పెర్ఫార్మెన్స్ ఆధారంగా ప్రొబేషన్ పొడిగించవచ్చు' అని ఉంటుంది. దేన్ని, ఎవరు, ఎప్పుడు కొలుస్తారో ఉండదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లతో అపాయింట్‌మెంట్ లెటర్ తప్పనిసరి అయింది. కాబట్టి టార్గెట్, రేటింగ్ పద్ధతి ఆ లెటర్‌లో గానీ, దానికి జత చేసిన పాలసీలో గానీ రాసి ఇవ్వమని చేరకముందే అడగండి. చేరాక అడగడం కష్టం.

హనుమకొండ, కాజీపేటల్లో బండి మీద డెలివరీలు చేసే కుర్రాళ్లకు కస్టమర్ రేటింగే పనిముట్టు. అది పడిపోతే ఆర్డర్లు తగ్గొచ్చు, ఐడీ బ్లాక్ కావొచ్చు. కర్ణాటక 2025లో తెచ్చిన చట్టం ప్రకారం, కారణం రాతపూర్వకంగా చెప్పి, 14 రోజుల ముందు నోటీసు ఇవ్వకుండా వర్కర్‌ను తొలగించకూడదు. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో విడుదల చేసిన బిల్లు ముసాయిదాలో కూడా ఆటోమేటిక్‌గా నిర్ణయాలు తీసుకునే వ్యవస్థల పారదర్శకత గురించి ఉంది. మీరు గిగ్ వర్కర్ అయితే రేటింగ్, ఆర్డర్లు, పెనాల్టీల స్క్రీన్‌షాట్లు వారానికోసారి దాచుకోండి. ఐడీ బ్లాక్ అయ్యాక యాప్ తెరుచుకోదు, పాత లెక్కలు చూపించడానికి మీ దగ్గర ఏమీ మిగలదు.

'మా నిర్ణయమే తుది' అని రాసి ఉంటే?

చాలా అగ్రిమెంట్లలో ఈ మాట కనిపిస్తుంది. ఇది చూసి వెనక్కి తగ్గొద్దు. హక్కు కోసం కోర్టుకు వెళ్లకుండా పూర్తిగా అడ్డుకునే షరతు చెల్లదని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలోని 28వ సెక్షన్ చెబుతోంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, ఏకపక్షంగా ఉన్న అగ్రిమెంట్‌ను 'అన్యాయమైన ఒప్పందం'గా సవాలు చేయొచ్చు. అయితే ఆ కేసు రాష్ట్ర కమిషన్‌లోనో జాతీయ కమిషన్‌లోనో వేయాలి, జిల్లా కమిషన్‌లో కాదు. సేవాలోపం మీద ఫిర్యాదైతే జిల్లా కమిషన్ చాలు. ఎక్కడికి వెళ్లాలో తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

ఈ రోజే చేయాల్సిన పనులు

• ఇంట్లో ఉన్న గోల్డ్ లోన్, బీమా, కరెంట్ కాగితాలను ఫోటో తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టండి.
• క్రెడిట్ రిపోర్టు ఉచితంగా తెప్పించుకుని, మీవి కాని లోన్లు ఉన్నాయేమో చూడండి.
• వాహన పాలసీలో ఐడీవీ ఎంత, జీరో డెప్ ఉందా లేదా చూసుకోండి.
• ఏ నోటీసు వచ్చినా అందిన తేదీని దాని మీదే రాయండి. గడువులు చాలావరకు ఆ తేదీ నుంచే మొదలవుతాయి.
• అభ్యంతరం ఎప్పుడూ రాతలోనే చెప్పండి. చేతికిస్తే మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి, ఆన్‌లైన్‌లో అయితే నంబర్ దాచుకోండి.