మానసిక విన్యాసం

గతంలో ఫలించిన పద్ధతినే కొత్త సమస్యకూ వర్తింపజేస్తూ, అంతకన్నా సులువైన దారిని గమనించలేకపోయే ఆలోచనా ధోరణి మానసిక విన్యాసం. అబ్రహాం లూచిన్స్ 1942లో ప్రచురించిన నీటి జాడీల ప్రయోగాలు దీనికి ప్రామాణికం. 21, 127, 3 కొలతల జాడీలతో 100 కొలవాలంటే, పెద్దదాని నుంచి మొదటిదాన్ని ఒకసారి, మూడోదాన్ని రెండుసార్లు తీసివేయాలి. ఇలాంటి లెక్కలే వరుసగా చేసినవారిలో ఎక్కువమంది 23, 49, 3 జాడీలతో 20 కొలవమన్నప్పుడూ అదే సూత్రం పట్టుకున్నారు. 23లోంచి 3 తీసేస్తే సరిపోతుందని వారికి తట్టలేదు. వస్తువుకు అలవాటైన ఉపయోగం తప్ప మరొకటి తోచకపోవడం దీనికి దగ్గరి రూపం. కార్ల్ డంకర్ దీన్ని అధ్యయనం చేశారు.

గుంటూరు జిల్లాలో 1987-88లో వచ్చిన పత్తి సంక్షోభం సేద్యంలో మానసిక విన్యాసానికి దగ్గరి ఉదాహరణ. శనగపచ్చ పురుగు సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను తట్టుకునే శక్తి సంతరించుకున్నా, తొలి ఏళ్లలో పనిచేసిన ఆ మందులనే మళ్లీ మళ్లీ పిచికారీ చేశారు. అప్పుల ఒత్తిడి, మందుల దుకాణాల సలహాలు కూడా ఇందులో ఉన్నాయి గనుక దీన్ని రైతు అలవాటు ఒక్కదానికే అంటగట్టడం సరికాదు. తర్వాత ప్రచారంలోకి వచ్చిన సమగ్ర సస్యరక్షణలో, మందు కొట్టే ముందు లింగాకర్షక బుట్టల్లో పడిన మగ రెక్కల పురుగులను లెక్కపెడతారు.