పోపులడబ్బాలో డబ్బు ఎవరిది?

పోపులడబ్బాలో డబ్బు దాచని ఇల్లాలు మన ఇళ్ళల్లో అరుదు. కూరల దగ్గర పది, పప్పు దగ్గర పాతిక మిగిల్చి ఆవాల కింద మడతపెడుతుంది. ఆ డబ్బు ఎవరిదని ఎవరూ అడగరు. ఇంగ్లండులో మాత్రం 1943లో అడిగారు, అదీ అప్పీలు కోర్టులో. బ్లాక్‌వెల్ దంపతులు విడిపోయారు. భర్త ఇంటిఖర్చుకిచ్చిన దాంట్లోంచి మిగిల్చి, ఆవిడ సహకార సంఘంలో వేసుకున్నది వంద పౌండ్ల పైచిలుకు. అది భర్త సొమ్మేనని తీర్పు వచ్చింది. ఇచ్చింది ఇల్లు నడపడానికి గానీ ఆవిడ సొంతానికి కాదట! పొదుపరి ఇల్లాలి కంటే దుబారా మనిషే నయమన్నమాట.

అంతకు ముందైతే ఇంకా అన్యాయం. పెళ్ళయ్యాక ఆలుమగలు ఒక్కటేనని అక్కడి పాత చట్టం; ఆ ఒక్కరూ మగడే. కరొలైన్ నార్టన్ అనే రచయిత్రి 1836లో మొగుణ్ణి వదిలి వచ్చేసినా, ఆవిడ రాతల మీద వచ్చే రాబడి తనదేనన్నాడు ఆయన. చట్టం కూడా ఆయన వైపే. ఆవిడ ఊరుకోలేదు. విడాకుల బిల్లు చర్చలో ఉండగా 1855లో ఏకంగా విక్టోరియా రాణికే బహిరంగలేఖ అచ్చువేసింది. పెళ్ళయిన స్త్రీ ఆస్తి ఆమెదేనని చట్టం తేల్చడానికి మాత్రం 1882 దాకా పట్టింది.

మెలిక అక్కడే పడింది. ఎవరి సంపాదన వాళ్ళదే అన్నారు, బాగానే ఉంది. సంపాదనే లేని ఇల్లాలి మాటేమిటి? పొద్దున లేచింది మొదలు ఆవిడ చేసే చాకిరీకి జీతం లేదు, కాబట్టి ఆస్తీ లేదు. బ్లాక్‌వెల్ గారి భార్య పడ్డది ఈ గోతిలోనే. దాన్ని పూడ్చడానికి డాక్టరూ రాజకీయవేత్తా అయిన ఈడిత్ సమ్మర్‌స్కిల్ పట్టుబట్టింది. భర్త ఇంటిఖర్చుకిచ్చిన డబ్బులో మిగిలింది ఇద్దరికీ చెరిసగమని 1964లో చట్టం వచ్చింది. పోపులడబ్బాలో సగం!

ఇల్లూ పొలమూ సంగతి మిగిలే ఉంది. విడాకులప్పుడు ఇంటిచాకిరీని కూడా లెక్కలోకి తీసుకోమని 1970 నాటి చట్టం జడ్జీలకు చెప్పింది. ఎంతని లెక్కగట్టాలో చెప్పలేదు. 1973లో వాక్‌టెల్ దంపతుల విడాకుల కేసులో జడ్జి డెన్నింగ్ ప్రభువు మూడో వంతుతో మొదలుపెడదామన్నాడు. ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి వినండి: విడిపోయాక మగాడు ఇంటిపనికి మనిషిని పెట్టుకోవాలి, ఆడదైతే తన పని తనే చేసుకుంటుంది. పనిమనిషికి జీతం ఉంటుందని తెలిసిన పెద్దమనిషికి, ఆ పనే భార్య చేస్తే దాని విలువ కనపడకపోవడం చిత్రమే.

ఆ చూపు మారడానికి వైట్ దంపతుల కేసు రావాల్సి వచ్చింది. వాళ్ళు పాడిరైతులు. 1961లో పెళ్ళి చేసుకుని, 30 ఏళ్ళకు పైగా కలిసి సేద్యం చేశారు. విడిపోయేనాటికి ఆస్తి దాదాపు 46 లక్షల పౌండ్లు. ఆవిడ బతకడానికి ఇంత చాలని లెక్కవేసి, కింది కోర్టు ఐదో వంతు దగ్గర ఆపేసింది. 2000 అక్టోబరులో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభలో నికల్స్ ప్రభువు ఆ లెక్కను పక్కన పెట్టాడు. సంపాదించినవాళ్ళనీ ఇల్లు చూసుకున్నవాళ్ళనీ వేరుగా చూడకూడదన్నాడు. పంపకం ఏదైనా సమానవాటాతో కొలిచి చూసుకోవాలని, తేడా ఉంటే కారణం ఉండాలని చెప్పాడు. తమాషా ఏమిటంటే, ఆవిడకు మాత్రం సగం రాలేదు. మామగారు పెట్టిన సాయం కూడా లెక్కలోకొచ్చి, సుమారు ఐదింట రెండు వంతులతో సరిపెట్టుకుంది.

ఇక మన దగ్గర. పోర్చుగీసు వాళ్ళ 1867 సివిల్ కోడు పుణ్యమా అని గోవాలో ఆలుమగల ఆస్తి ఉమ్మడి. మిగతాచోట్ల హిందూ వివాహచట్టం 27వ సెక్షను పెళ్ళి సమయంలో ఇద్దరికీ కలిపి వచ్చిన కానుకల దగ్గరే ఆగిపోతుంది. ఆ తర్వాత కొన్న ఇంటి ఊసే లేదు. భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇప్పించే బిల్లు 2013లో రాజ్యసభ దాటింది. లోక్‌సభ గడువు ముగియడంతో మురిగిపోయింది. 2023లో మద్రాసు హైకోర్టు ముందుకు ఒక ఆస్తి తగాదా వచ్చింది. భర్త సౌదీలో సంపాదించి పంపితే, భార్య ఇక్కడ ఇల్లూ పిల్లలూ చూసుకుంది. ఆ డబ్బుతో కొన్న దాంట్లో ఆమెకు సమానవాటా ఉందన్నారు న్యాయమూర్తి. ఇల్లాలి కష్టాన్ని గుర్తించే చట్టమేదీ ఇంతవరకు రాలేదని ఆయనే ఒప్పుకున్నారు. గుర్తించవద్దన్న చట్టమూ లేదన్నారు.