శ్రుతి మార్చిన మాండొలిన్

మా గోదావరి జిల్లాల్లో ఒకప్పుడు ఆడపిల్లకి సంగీతం అంటే వీణే. పిల్ల వాయించినా వాయించకపోయినా, పెళ్ళిచూపులనాటికి హాల్లో ఓ మూల గుడ్డ కప్పుకుని వీణ కూర్చునుండాలి. పెళ్ళయ్యాక పిల్ల అత్తారింటికి వెళ్ళేది, వీణ మాత్రం పుట్టింట్లోనే ఉండిపోయేది. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రిగారూ, కాకినాడలో పుట్టిన ఆయన శిష్యుడు చిట్టిబాబుగారూ ఆ వీణనే దేశదేశాలకీ వినిపించారు. వాళ్ళకి కచేరీలు, మనకి పెళ్ళిచూపులు! సరే, ఆ గొడవ మరోసారి మాట్లాడుకుందాం.

మాండొలిన్ కథ వేరు. అది ఇటలీనుంచి వచ్చిన పరాయి వాయిద్యం. సినిమా పాటల్లో వినిపిస్తే ముచ్చటపడేవాళ్ళం. అంతేగానీ, దానిమీద త్యాగరాజకీర్తన పలుకుతుందని ఎవరైనా అంటే మా తాతమ్మలాంటివాళ్ళు నవ్వి ఊరుకునేవారు. పలికించినవాడు పాలకొల్లు కుర్రాడు, ఉప్పలపు శ్రీనివాస్.

అదెంత కష్టమో నాకు ఈమధ్యే తెలిసొచ్చింది. మా అక్క కొడుకు మాండొలిన్ నేర్చుకుంటున్నాడు, ఫోనులో బొమ్మలు చూసి! నాలుగు గీతలు, వాటిమీద చుక్కలు. చుక్క ఉన్నచోట వేలు నొక్కి తీగలన్నీ ఒక్కసారి మీటాలి. అలా మూడు నాలుగు స్వరాలు కలిసి మోగితే దాన్ని కార్డ్ అంటారు. పేకముక్క కాదండోయ్. పాశ్చాత్య సంగీతానికి అవి పునాదిరాళ్ళు. మన రాగాలకి వాటితో పని లేదు.

మాండొలిన్‌కి ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జంటలు. అన్నిటికంటే మంద్రంగా పలికే జంటని ‘స’ అనుకుంటే, తరవాతవి వరసగా ప, రి, ధ. వయొలిన్‌కి దొరలు పెట్టుకున్న శ్రుతి కూడా ఇదే. మావాడు మొదట నేర్చిన బొమ్మ చాలా తేలిక. మొదటి రెండు జంటలూ ముట్టుకోకూడదు. మూడో జంటమీద రెండో మెట్టు, నాలుగో జంటమీద మూడో మెట్టు నొక్కాలి. స, ప, గ, పై స. నిండుగా మోగుతుంది.

ఓ రోజు వాడికి బుద్ధిపుట్టి మన పద్ధతిలో స-ప-స-ప శ్రుతి చేశాడు. పెద్ద పనేం కాదు, పై రెండు జంటల్నీ ఒక్కో స్వరం దించితే చాలు. తీరా పాత బొమ్మ వేస్తే స, ప, రి, ని పలికాయి. ఇల్లు చేరకుండా వీధరుగుమీద కూలబడిన మనిషిలా ఉంది ఆ మోత. “వేళ్ళు సరిగ్గానే పెట్టానుగా పిన్నీ” అని వాడి గోల. వేళ్ళు సరిగ్గానే ఉన్నాయి, కింద నేలే కదిలింది. కొత్త శ్రుతిలో ఒక్క వేలు చాలు. మూడో జంటమీద నాలుగో మెట్టు నొక్కితే స, ప, గ, ప. అది శంకరాభరణంలో వచ్చే గాంధారం. అదే వేలు ఒక్క మెట్టు వెనక్కి జరిపితే శంకరాభరణం పోయి ఖరహరప్రియ ఛాయ తగుల్తుంది, మనసు కాస్త బరువెక్కుతుంది.

మనవాళ్ళకి స-ప-స-ప మీద అంత మక్కువెందుకంటే, ఏ తీగ ఊరికే మీటినా షడ్జమమో పంచమమో పలికి తంబూరాతో కలిసిపోతుంది. ఓ సంగతి ఒక తీగమీద వస్తే, అవే వేళ్ళతో రెండు తీగలు దాటి పైస్థాయిలో వాయించుకోవచ్చు. వీణ నాలుగు తీగల ఏర్పాటూ ఇదే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు వయొలిన్‌ని మన సంగీతంలోకి తెచ్చిన దగ్గర్నించీ దానికీ ఈ శ్రుతే అలవాటైంది. పరాయిపిల్ల మన ఇంటికి కోడలై రావాలంటే కట్టూబొట్టూ మార్చుకోవాల్సిందే కాబోలు!

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ వాద్యకారుడు. ఆయన మాండొలినే పిల్లాడి చేతికి చిక్కింది. గిటారిస్టు వాసూరావుగారు పాశ్చాత్య సంగీతం రుచి చూపించారు. ఆ తరవాత తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారు పిల్లాణ్ణి చేరదీశారు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. చిత్రమేమిటంటే, ఆయనకి మాండొలిన్ వాయించడం రాదు! ఆయన పాడేవారు, పిల్లాడు తీగలమీద వెతుక్కునేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పే బొమ్మ లేదు, చూసి అనుకరించడానికి ఇంకో విద్వాంసుడూ లేడు. ఆయనకి మాండొలిన్ వచ్చివుంటే తనకొచ్చిన వేళ్ళే నేర్పివుండేవారని నాకనిపిస్తుంది. రాకపోబట్టి గొంతు నేర్పారు.

గొంతులో ఉన్న గమకం మాండొలిన్‌లో తేలిగ్గా రాదు. మీటిన స్వరం చప్పున ఆరిపోతుంది. పైగా జంట తీగల్ని పక్కకి లాగితే రెండూ ఒకే మోతాదులో సాగవు, శ్రుతి చెదురుతుంది. శ్రీనివాస్ ఆ జంటల్ని తీసేసి అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నాడు. నాదం నిలబడింది, మంద్రస్థాయి కూడా కలిసొచ్చింది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ. 1981లో మద్రాసు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో వాయించేనాటికి పన్నెండేళ్ళు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. 1998లో పద్మశ్రీ.

అన్నట్టు, శ్రీనివాస్ పుట్టిన 1969లోనే అమెరికాలో ఎమెట్ చాప్‌మన్ అనే గిటారిస్టు తీగల్ని మీటడం మానేసి, రెండు చేతుల వేళ్ళతోనూ మెట్లమీద తట్టి వాయించే పద్ధతి కనిపెట్టాడు. దానికోసం పది తీగల వాయిద్యం చేసి 1974నుంచి అమ్మాడు. చాప్‌మన్ స్టిక్ అంటారు. అందులో ఒక పక్క తీగలది ఒక శ్రుతి, రెండో పక్కవాటిది మరొకటి. గిటారుమీద నేర్చిన కార్డ్ బొమ్మలు అక్కడ చెల్లవు, చేతికొక కొత్త బొమ్మ నేర్చుకోవాలి. మా అక్క కొడుకు తంటాయే, రెట్టింపు!

శ్రీనివాస్ తరవాతి రోజుల్లో జాన్ మెక్‌లాలిన్ గిటారు పక్కన, ‘రిమెంబర్ శక్తి’ బృందంలో కూర్చున్నాడు. పక్కన గిటారుమీద కార్డ్‌లు మోగుతుంటే, మధ్యలోంచి అతని తీగ ఒంటరిగా గమకం పోతుంటుంది. ఆ రికార్డింగులు వింటే సుబ్బరాజుగారి గొంతు ఎలా ఉండేదో ఊహించుకోబుద్ధవుతుంది. 2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్ళకే, చెన్నైలో పోయాడు. తమ్ముడు రాజేష్ కూడా మాండొలిన్ విద్వాంసుడే.

మొన్న మావాడు ఫోను పక్కనపెట్టి, “పిన్నీ, నీకొచ్చిన వర్ణం ఏదైనా పాడు” అన్నాడు. నాకొచ్చింది పల్లవి వరకే. అక్కడిదాకా పాడాను. వాడు తీగమీద వెతుక్కుంటూ, “మళ్ళీ” అన్నాడు.