కొలబద్ద మార్చుకున్న అభిమానం

అమెరికాలోని కెంటకీ రాష్ట్రానికి ఎన్‌బీఏ జట్టు లేదు. లూయీవిల్‌లో ఉండిన కర్నల్స్ జట్టు 1976లో మూతపడ్డాక ఆ రాష్ట్రంలో పెద్ద స్థాయి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ అన్నదే మిగల్లేదు. అంతకు ఎంతో ముందు నుంచే లెక్సింగ్టన్‌లోని కెంటకీ విశ్వవిద్యాలయం జట్టును రాష్ట్రమంతా తమ జట్టుగా భావిస్తూ వచ్చింది. 1930 నుంచి 1972 దాకా కోచ్‌గా ఉన్న అడాల్ఫ్ రప్ 876 ఆటలు గెలిపించారు, నాలుగు జాతీయ టైటిళ్లు తెచ్చారు. 1976లో తెరిచిన, అప్పట్లో సుమారు 23 వేల మంది పట్టిన రప్ అరీనాకు ఆయన పేరే పెట్టారు. అలాంటి జట్టు 1988-89 సీజన్‌లో 13 ఆటలు గెలిచి 19 ఓడింది. గెలుపుల కన్నా ఓటములు ఎక్కువైన సీజన్ 1927 తర్వాత వాళ్లకు అదే మొదటిది. ఆ వెంటనే కళాశాల క్రీడల పాలక సంస్థ ఎన్‌సీఏఏ శిక్ష వేసింది. మూడేళ్ల పరిశీలన, రెండేళ్లపాటు జాతీయ టోర్నమెంట్‌కు దూరం, ఒక సీజన్ పాటు టీవీలో ప్రత్యక్ష ప్రసారాలు బంద్, స్కాలర్‌షిప్పులలో కోత. ఇంత జరిగిన జట్టు మూడేళ్లలో జాతీయ టోర్నమెంట్ చివరి నాలుగు జట్లలో నిలవడానికి అడుగు దూరం దాకా వెళ్లింది. ఎలా వెళ్లిందన్న ప్రశ్నకు కొత్త కోచ్ రిక్ పిటీనో పేరు చెప్పి ఊరుకుంటారు. ఆ జవాబు చాలదు. ఆ మూడేళ్లలో అభిమానులు తమ జట్టును కొలిచే కొలబద్దనే మార్చుకున్నారు. కోచ్‌కు, ఆటగాళ్లకు పని చేసుకునే వ్యవధి దొరికింది అందువల్లనే.

ఈ మాట ఒప్పుకోవాలంటే ముందు చేదు నిజం ఒకటి ఒప్పుకోవాలి. ఆ జట్టు పడిపోవడంలోనూ అభిమానుల చేయి ఉంది. 1985లో లెక్సింగ్టన్ హెరాల్డ్-లీడర్ పత్రిక విలేకరులు 33 మంది మాజీ ఆటగాళ్లతో మాట్లాడారు. వారిలో 26 మంది నిబంధనలకు విరుద్ధమైన లబ్ధిలో తమకూ పాలుందని చెప్పారు. ఆట ముగిశాక ఆటగాడి చేతిలో డబ్బు పెట్టి భుజం తట్టి వెళ్లింది ఎక్కడి నుంచో వచ్చిన దళారులు కారు, ఊళ్లోని సంపన్న అభిమానులే. ఆ పరిశోధనకు 1986లో పులిట్జర్ బహుమతి వచ్చింది. లెక్సింగ్టన్‌లో మాత్రం దానికి దక్కింది కోపం. చందాలు రద్దయ్యాయి, పత్రికకు బెదిరింపులు వచ్చాయి. తర్వాత 1988లో లాస్ ఏంజెలెస్‌లో ఒక కొరియర్ కవరు ఊడిపోతే లోపల వెయ్యి డాలర్లు కనబడ్డాయి. అది కెంటకీ శిక్షణ బృందం నుంచి ఒక ఆటగాడి తండ్రికి బయల్దేరిన కవరు. దర్యాప్తు అక్కడి నుంచి ఊపందుకుంది. ఇంతకు ముందు తరానిదీ ఇదే కథ. 1951లో ఆటల ఫలితాలను డబ్బుకు అటూ ఇటూ చేసిన కుంభకోణం బయటపడి, 1952-53 సీజన్ మొత్తాన్నే కెంటకీ వదులుకోవాల్సి వచ్చింది. గెలుపు ఒక్కటే కొలబద్ద అయినప్పుడు ఆ గెలుపు ఏ దారిన వచ్చిందని ఎవరూ అడగరు. అడిగినవాడు శత్రువుగా కనిపిస్తాడు.

ఇక 1989లో ఏం జరిగిందో దగ్గరగా చూడాలి. ఆ మార్చిలో కోచ్ ఎడ్డీ సటన్ రాజీనామా చేశారు. పేరున్న ఆటగాళ్లు కొందరు వేరే విశ్వవిద్యాలయాలకు వెళ్లిపోయారు. క్రీడా విభాగం బాధ్యత తీసుకున్న సి.ఎమ్. న్యూటన్, ఎన్‌బీఏ జట్టు న్యూయార్క్ నిక్స్ కోచ్‌గా ఉన్న పిటీనోను ఒప్పించి తెచ్చారు. స్కాలర్‌షిప్‌పై మిగిలిన ఆటగాళ్లు ఎనిమిది మంది. వారిలో ఎవరూ ఆరడుగుల ఏడంగుళాలు దాటరు. ఆ ఎత్తుతోనే రెజీ హాన్సన్ ఏడడుగుల వాళ్లకు ఎదురుగా సెంటర్ స్థానంలో నిలబడ్డాడు. పొడుగు లేని జట్టుకు పిటీనో రెండు ఆయుధాలు ఇచ్చారు. ఒకటి, కోర్టు పొడవునా ఎదుటివారి మీద పడి బంతిని లాక్కునే ప్రెస్. రెండోది, కళాశాల ఆటలో అప్పటికి కొత్తగానే ఉన్న మూడు పాయింట్ల షాటు. మొదట్లో ఈ పద్ధతి బెడిసికొట్టింది. 1989 డిసెంబరులో కాన్సస్ విశ్వవిద్యాలయం చేతిలో 150-95తో ఓడారు. ఘనమైన చరిత్ర ఉన్న జట్టుకు అది భరించలేని అంకె. తేడా ఎంత పెరిగినా ఆ రాత్రి పిటీనో ప్రెస్ ఆపలేదు. రెండు నెలలకు, 1990 ఫిబ్రవరిలో, షకీల్ ఓనీల్ ఉన్న లూయిసియానా స్టేట్ విశ్వవిద్యాలయం (ఎల్ఎస్‌యూ) జట్టును అదే పద్ధతితో రప్ అరీనాలో 100-95తో ఓడించారు. సీజన్ చివరికి లెక్క 14 గెలుపులు, 14 ఓటములు. రప్ కాలంలో అయితే అది సిగ్గుపడాల్సిన ఏడాది. 1990లో ఆ సగానికి సగాన్నే జనం గౌరవంగా చెప్పుకున్నారు. టోర్నమెంట్ ఆశ లేని ఆటలకు అరీనా నిండింది. ఆటలు టీవీలో ప్రత్యక్షంగా రాని ఆ సీజన్‌లో ఊళ్లు రేడియోలో కావుడ్ లెడ్‌ఫర్డ్ వ్యాఖ్యానానికి చెవులప్పగించాయి. ఎన్ని గెలిచారన్న ప్రశ్నతో పాటు ఎలా ఆడారన్న ప్రశ్న కూడా అప్పుడు పుట్టింది.

మరుసటి ఏడాది అదే కొలబద్దకు పరీక్ష. 1990-91లో కెంటకీ 22 గెలిచి 6 మాత్రమే ఓడింది. తమ లీగ్ అయిన ఎస్ఈసీలో అందరికన్నా మెరుగ్గా ఆడినా, శిక్ష కారణంగా టైటిల్ దక్కలేదు, జాతీయ టోర్నమెంట్ పిలుపూ రాలేదు. ఆ నిషేధం ఇంకా ఒక ఏడాది ఉందని తెలిసీ న్యూయార్క్ కుర్రాడు జమాల్ మాష్‌బర్న్ ఆ సీజన్‌లోనే జట్టులో చేరాడు. తర్వాతి ఏడాది తలుపులు తెరుచుకున్నాయి. 1992 మార్చి 28న ఫిలడెల్ఫియాలో, జాతీయ టోర్నమెంట్‌లో డ్యూక్ విశ్వవిద్యాలయంతో అదనపు సమయంలోకి వెళ్లిన ఆటలో, షాన్ వుడ్స్ వేసిన బంతితో కెంటకీ 103-102తో ముందుకొచ్చింది. మిగిలింది 2.1 సెకన్లు. డ్యూక్ ఆటగాడు గ్రాంట్ హిల్ కోర్టు ఈ చివర నుంచి విసిరిన బంతిని క్రిస్టియన్ లేట్నర్ అందుకుని, తిరిగి, బుట్టలో వేశాడు. 104-103తో డ్యూక్ గెలిచింది. పది రోజులు దాటిందో లేదో, రిచీ ఫార్మర్, డెరాన్ ఫెల్డ్‌హౌస్, జాన్ పెల్‌ఫ్రీ, షాన్ వుడ్స్ జెర్సీలను న్యూటన్ రప్ అరీనా పైకప్పుకు ఎత్తించారు. జాతీయ టైటిళ్లు, ఆల్ అమెరికన్ బిరుదులు ఉన్నవాళ్ల జెర్సీల పక్కన అవేవీ లేని నలుగురివి చేరాయి. ఫార్మర్ తూర్పు కొండల్లోని మాంచెస్టర్ వాడు, పెల్‌ఫ్రీది పెయింట్స్‌విల్, ఫెల్డ్‌హౌస్‌ది ఒహాయో నది ఒడ్డు మేస్విల్, వుడ్స్ పొరుగు రాష్ట్రపు ఇండియానాపొలిస్ నుంచి వచ్చాడు. జట్టు మునిగిపోతున్నప్పుడు దిగిపోకుండా ఉన్నందుకు వారికి దక్కిన గౌరవమది. అయితే ఈ గౌరవంలో ఒక లోటు ఉంది. అత్యంత కష్టమైన రెండేళ్లు మోసిన హాన్సన్ 1991లోనే చదువు ముగించుకుని వెళ్లిపోయాడు. తలుపు తెరిచే వేళకు అతను లేడు, ఆ నలుగురి వరుసలోనూ లేడు. నిలబడటమే కొలబద్ద అయితే మొదటి పేరు అతనిదే కావాలి.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది, ఇదంతా డబ్బున్న సంస్థ కథ అని. నిక్స్ కోచ్‌ను రప్పించగల స్తోమత ఎన్ని విశ్వవిద్యాలయాలకు ఉంటుంది? నిజమే, ఆ స్తోమత లేకపోతే పిటీనో రారు. కానీ 1989కి ముందూ కెంటకీ దగ్గర అదే డబ్బు, అదే అరీనా, అదే పేరు ఉన్నాయి. వాటితో అప్పుడు వచ్చింది కుంభకోణం. డబ్బు రెండు సందర్భాల్లోనూ ఉంది కాబట్టి తేడాకు కారణం అది కాలేదు. రెండోది ఇంకా గట్టిది. అభిమానుల మార్పు నిజమైతే నిలవాలి కదా, 1996లో టైటిల్ రాగానే పాత దురాశ తిరిగి రాలేదా అని. వచ్చింది. 1998లో మరో టైటిల్ తెచ్చిన కోచ్ టబ్బీ స్మిత్‌కు కూడా చివరి ఏళ్లలో ఆ ఒత్తిడి తప్పలేదు. అయితే ఒక మంచి అలవాటు సడలిపోయిందంటే అది అసలు లేనేలేదని అర్థం కాదు. దాన్ని ప్రతి తరమూ మళ్లీ నేర్చుకోవాలని అర్థం.

మూడో అభ్యంతరం నేటిది. 2021 తర్వాత ఆటగాళ్లు ఏడాది కూర్చోకుండానే విశ్వవిద్యాలయం మారవచ్చు, తమ పేరు మీద డబ్బూ సంపాదించుకోవచ్చు. ఆ నలుగురిలా ఏళ్ల తరబడి ఉండేవాళ్లు ఇక ఎక్కడున్నారని అడుగుతారు. ఆటగాళ్లకు ఆ స్వేచ్ఛ న్యాయంగా రావలసిందే. వాళ్ల శ్రమ మీద అరీనాలు నడిచినన్నాళ్లూ వాళ్ల వాటా చాటుమాటు కవర్లలో వెళ్లడమే అసలు రోగం. అయినా ఈ కొత్త కాలంలోనూ పాత పాఠం చెల్లుతుందని కెంటకీలోనే చూశాం. 2024లో కోచ్ జాన్ కాలిపారీ ఆర్కాన్సాస్ విశ్వవిద్యాలయానికి వెళ్లాక, 1996 టైటిల్ జట్టు కెప్టెన్ మార్క్ పోప్ కోచ్‌గా వచ్చారు. ఆయన్ను పరిచయం చేసిన రోజున, ఆట కూడా లేని సభకు రప్ అరీనా నిండిపోయింది. పాత జట్టు నుంచి స్కాలర్‌షిప్ ఆటగాడు ఒక్కడూ మిగల్లేదు. అందరూ కొత్తవాళ్లే అయిన జట్టు ఆ సీజన్‌లో జాతీయ టోర్నమెంట్ చివరి పదహారు జట్లలో నిలిచింది. ఆటగాళ్లు ఎవరన్నది తేలకముందే జనం వచ్చారంటే, వాళ్లు నమ్మింది ఆడే తీరును.

కాబట్టి కూలిన జట్టును మళ్లీ కడుతున్న చోట అభిమానులు ఆశ పెట్టుకోవడం అమాయకత్వమని కొట్టిపారేయలేం. ఆశ లేకపోతే 150-95 తర్వాతి ఆటకు ఎవరూ రారు, ఏ కోచ్‌కూ రెండో ఏడాది ఉండదు. కానీ ఆ ఆశ ఏం అడుగుతుందో ఎప్పటికప్పుడు చూసుకోవాలి. ఈ ఏడాది టైటిల్ కావాలని మాత్రమే అడిగితే అది దొంగదారులు వెతికేవాళ్లకు బలమవుతుంది. కుర్రాళ్లు గట్టిగా ఆడుతున్నారా, నిజాయితీగా ఆడుతున్నారా, నిరుటి కన్నా మెరుగయ్యారా అని అడిగితే జట్టు నిలదొక్కుకుంటుంది. కెంటకీ అభిమానులు ఈ రెండు ప్రశ్నలూ అడిగి, రెండింటికీ ఫలితం అనుభవించారు. కష్టకాలంలో నేర్చిన రెండో ప్రశ్నను గెలిచే రోజుల్లోనూ అడగడమే ఇక అభిమానుల ముందున్న పని.