బ్రెగ్జిట్: బ్రిటన్ ఎందుకు విడిపోయింది? ఎవరు ఏమన్నారు? ఏ మాట నిలిచింది?

పిల్లల్ని ఇంగ్లాండ్ చదువులకు పంపిన ఇళ్లలో ‘బ్రెగ్జిట్’ అనే మాట వినని వాళ్లు తక్కువ. పౌండ్ రేటు మారినా బ్రెగ్జిట్ అంటారు, వీసా రూల్ మారినా బ్రెగ్జిట్ వల్లే అంటారు. ఇందులో కొంత నిజం ఉంది, కొంత గాలి కబురు కూడా ఉంది. అసలు ఏం జరిగింది, రెండు పక్షాలూ జనానికి ఏం చెప్పాయి, తర్వాత అందులో ఏది నిజమైంది అనేది ఒకచోట చూద్దాం.

బ్రిటన్, ఎగ్జిట్ అనే రెండు మాటలు కలిస్తే బ్రెగ్జిట్. అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం అన్నమాట.

ముందు కథ

యూరప్ దేశాల వ్యాపార కూటమిలో చేరతామని బ్రిటన్ అడిగితే 1963లో, మళ్లీ 1967లో ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ కుదరదన్నారు. చివరికి 1973 జనవరి 1న చేరింది. రెండేళ్లకే, 1975లో, ఉండాలా వద్దా అని రెఫరెండం పెడితే 67 శాతం మంది ఉండాలనే ఓటు వేశారు.

అప్పట్లో అది ముఖ్యంగా వ్యాపారం కోసం పెట్టుకున్న కూటమి. 1992లో సంతకాలు జరిగిన మాస్ట్రిక్ట్ ఒప్పందంతో అది యూరోపియన్ యూనియన్ అయింది. సభ్య దేశాల పౌరులు యూనియన్‌లో ఎక్కడైనా ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. 2004లో పోలాండ్‌తో సహా 10 దేశాలు కొత్తగా చేరాయి. చాలా పాత సభ్య దేశాలు కొన్నేళ్లు ఆగి తలుపు తెరిస్తే, బ్రిటన్ వెంటనే తెరిచింది. దాంతో తూర్పు యూరప్ నుంచి లక్షల మంది పనికి వచ్చారు. జనం కోపం అక్కడ మొదలైంది.

ఈ కోపాన్ని నైజెల్ ఫరాజ్ నాయకత్వంలోని యూకిప్ పార్టీ ఓట్లుగా మార్చుకోవడం చూసి, తన కన్జర్వేటివ్ పార్టీ చీలిపోతుందని ప్రధాని డేవిడ్ కామెరాన్ భయపడ్డారు. గెలిస్తే రెఫరెండం పెడతానని 2013లో మాటిచ్చారు. 2015లో గెలిచారు, మాట నిలబెట్టుకోక తప్పలేదు.

ఓటు హక్కు ఎవరికి?

2016 జూన్ 23న పోలింగ్. రంజాన్ నెల మధ్యలో వచ్చింది. బ్రిటన్‌లో ఆ రోజుల్లో పగలు చాలా పొడవు, రోజా సుమారు 18 గంటలు. అక్కడి ముస్లింలు రోజాతోనే పోలింగ్ కేంద్రాలకు వెళ్లారు.

ఇంకో విషయం మనలో చాలామందికి తెలియదు. బ్రిటన్‌లో నివసించే కామన్‌వెల్త్ దేశాల పౌరులకు ఆ ఓటులో హక్కు ఉంది. అంటే ఇండియన్ పాస్‌పోర్టుతో అక్కడ చదువుకునే హైదరాబాద్ కుర్రాడు పేరు నమోదు చేసుకుని ఓటు వేయొచ్చు. పదేళ్లుగా అక్కడే ఉంటున్న పోలాండ్ మనిషికి మాత్రం హక్కు లేదు. ఎవరి బతుకు ఆ ఓటు మీద ఆధారపడి ఉందో వాళ్లలో చాలామందిని అడగనే లేదు.

మొదటి వాదన: డబ్బు

విడిపోదాం అన్నవాళ్లు ఒక ఎర్ర బస్సు మీద రాశారు: వారానికి 35 కోట్ల పౌండ్లు యూనియన్‌కు పంపుతున్నాం, ఆ డబ్బు మన ఆసుపత్రులకు ఇద్దామని.

కామర్స్ చదివిన వాళ్లు ఈ లెక్కలో తప్పు వెంటనే పట్టుకుంటారు. గ్రాస్ వేరు, నెట్ వేరు. మార్గరెట్ థాచర్ 1984లో పోట్లాడి ఒక రాయితీ సాధించారు. అది తీసేస్తే వారానికి సుమారు 25 కోట్ల పౌండ్లు. రైతులకు, వెనుకబడిన ప్రాంతాలకు యూనియన్ నుంచి తిరిగి వచ్చే సొమ్ము కూడా తీస్తే, బస్సు మీద రాసినదాంట్లో సగం కూడా మిగలదు. ఆ అంకె తప్పుదారి పట్టిస్తోందని బ్రిటన్ గణాంకాల సంస్థే చెప్పింది. అయినా బస్సు మీద అంకె మారలేదు.

ఉందాం అన్నవాళ్లూ తక్కువ తినలేదు. విడిపోతే ఒక్కో కుటుంబానికి ఏడాదికి 4,300 పౌండ్ల నష్టం అని ఆర్థిక శాఖ ప్రకటించింది. నిజానికి అది 2030 నాటికి దేశ ఆదాయం ఎంత తక్కువ పెరుగుతుందో అంచనా వేసి, దాన్ని కుటుంబాల సంఖ్యతో భాగించిన అంకె. జేబులోంచి పోయే డబ్బు కాదు. విడిపోవాలని ఓటేస్తే వెంటనే మాంద్యం వస్తుంది, లక్షల ఉద్యోగాలు పోతాయి అని కూడా అన్నారు. అలా జరగలేదు. దాంతో జనానికి తర్వాత వచ్చిన నిజమైన హెచ్చరికల మీద కూడా నమ్మకం పోయింది.

రెండో వాదన: వలస

అసలు వేడి ఇక్కడే. 7 కోట్ల 60 లక్షల జనాభా ఉన్న టర్కీ యూనియన్‌లో చేరబోతోందని పోస్టర్లు వేశారు. టర్కీ చర్చలు 2005 నుంచి సాగుతున్నా దాదాపు ముందుకు కదలలేదు. కొత్త దేశం చేరాలంటే ప్రతి సభ్య దేశం ఒప్పుకోవాలి, బ్రిటన్ ఒక్కటి కాదన్నా ఆగిపోతుంది. ‘టర్కీ’ అన్నప్పుడు వినేవాళ్లకు ‘ముస్లింలు’ అని వినిపించాలనేదే ఆ పోస్టర్ పని. విచిత్రం ఏమిటంటే, ఆ ప్రచారానికి ముందు నిలిచిన బోరిస్ జాన్సన్ ముత్తాత అలీ కెమాల్ ఉస్మానియా టర్కీలో మంత్రి.

పోలింగ్‌కు వారం ముందు, జూన్ 16న, ఫరాజ్ ఇంకో పోస్టర్ విడుదల చేశారు. అందులో స్లొవేనియా సరిహద్దులో బారులు తీరిన శరణార్థుల ఫోటో ఉంది. వాళ్లలో ఎక్కువమంది యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు. యూనియన్ పౌరులు కాదు కాబట్టి బ్రిటన్‌లో ఉండే స్వేచ్ఛ వాళ్లకు ఎలాగూ లేదు. ఆ పోస్టర్ చూశాక సయీదా వార్సీ విడిపోయే పక్షం వదిలేసి ఉండే పక్షానికి వచ్చారు. బ్రిటన్ కేబినెట్‌లో కూర్చున్న తొలి ముస్లిం మహిళ ఆవిడే.

అదే జూన్ 16న ఎంపీ జో కాక్స్‌ను తీవ్ర జాతివాది ఒకడు హత్య చేశాడు. ఆమె నియోజకవర్గంలోని బ్యాట్లీలో గుజరాత్ మూలాలున్న ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఏడాది జూలైలో ఇంగ్లాండ్, వేల్స్‌లలో జాతి, మతం పేరుతో నమోదైన ద్వేష నేరాలు అంతకుముందు ఏడాది జూలై కంటే 40 శాతానికి పైగా పెరిగాయి. ప్రచారంలో అన్న మాటలకు వీధిలో ఎవరు మూల్యం చెల్లిస్తారో ఈ అంకె చెబుతుంది.

అయితే మనవాళ్లంతా ఒకే వైపు లేరు. ముస్లిం ఓటర్లలో పదిలో ఏడుగురు ఉండాలనే ఓటేసినట్టు ఒక పెద్ద సర్వేలో తేలింది. మిగతా ముగ్గురి మాట కూడా వినాలి. కర్రీ హోటళ్లు నడిపేవాళ్లలో ఎక్కువమంది బంగ్లాదేశ్ మూలాలున్న సిల్హెట్ వాళ్లు. తూర్పు యూరప్ మనిషి వీసా లేకుండా వస్తుంటే, మన వంటవాడికి వీసా ఎందుకు దొరకదు అనేది వాళ్ల బాధ. అది న్యాయమైన ప్రశ్నే. విడిపోతే వంటవాళ్లను తెచ్చుకోవడం సులువవుతుందని ప్రీతి పటేల్ చెబితే చాలామంది నమ్మారు. తర్వాత ఆ దారి తెరుచుకోలేదని వాళ్లే వాపోయారు.

మూడో వాదన: మన చట్టం మన చేతిలో

మన చట్టాలు బ్రస్సెల్స్‌లో ఎందుకు తయారవ్వాలి, మనం ఎన్నుకోని అధికారులు ఎందుకు నిర్ణయించాలి? ఈ వాదనను తేలిగ్గా కొట్టేయలేం. ఫ్యాక్టరీలు మూతపడిన ఊళ్లలో, తమ మాట ఎవరూ వినడం లేదనుకునే పేదలు దీన్నే పట్టుకున్నారు. ఉందాం అన్నవాళ్లేమో, మంత్రుల మండలిలో, యూరప్ పార్లమెంటులో మనకూ ఓటు ఉంది, బయటికెళ్తే రూల్స్ పాటించాలి కానీ మార్చలేం అన్నారు. రెండూ నిజమే.

ఎవరూ పట్టించుకోని విషయం: ఐర్లాండ్

ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లో భాగం. దాని పక్కన ఉన్న ఐర్లాండ్ వేరే దేశం, యూనియన్ సభ్యురాలు. మూడు దశాబ్దాల రక్తపాతం 1998 ఒప్పందంతో ఆగి, సరిహద్దులో చెక్‌పోస్టులు పోయాయి. బ్రిటన్ బయటికొస్తే సరుకు తనిఖీ ఎక్కడ చేయాలి? ప్రచారంలో దీని గురించి చాలా తక్కువ మాట్లాడారు, తర్వాత నాలుగేళ్లు దీని చుట్టూనే తిరిగారు.

ఫలితం, తర్వాత

విడిపోవాలని 51.9 శాతం, ఉండాలని 48.1 శాతం. ఓట్లలో చెప్పాలంటే 1 కోటి 74 లక్షలు, 1 కోటి 61 లక్షలు. స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్, లండన్ ఉండాలన్నాయి. ఇంగ్లాండ్, వేల్స్ మొత్తంగా విడిపోదామన్నాయి. మర్నాడు పౌండ్ 1985 తర్వాత ఎప్పుడూ లేనంత కిందికి పడింది, కామెరాన్ రాజీనామా ప్రకటించారు.

విడిపోవాలని తేలింది కానీ ఎలా విడిపోవాలో ఓటు చెప్పలేదు. తర్వాత వచ్చిన థెరెసా మే ఒప్పందం 2019 జనవరి 15న 432–202 తేడాతో ఓడిపోయింది. మరో రెండుసార్లు తెచ్చినా గెలవలేదు. బోరిస్ జాన్సన్ పార్లమెంటును మూయిస్తే అది చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టులో 11 మంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు. డిసెంబర్ ఎన్నికల్లో ఆయన గెలిచాక, 2020 జనవరి 31 రాత్రి బ్రిటన్ బయటికి వచ్చింది. ఐర్లాండ్ చిక్కు కోసం, బ్రిటన్ నుంచి ఉత్తర ఐర్లాండ్‌కు వెళ్లే సరుకును మధ్యలో సముద్రం దగ్గర తనిఖీ చేసే పద్ధతి పెట్టారు. 2023లో విండ్సర్ ఒప్పందంతో దాన్ని కొంత సులువు చేశారు.

ఇప్పుడు లెక్క చూస్తే

వెంటనే కూలిపోతుందన్న జోస్యం తప్పింది. కానీ దీర్ఘకాలంలో బ్రిటన్ ఉత్పాదకత 4 శాతం తగ్గుతుందని అక్కడి ప్రభుత్వ బడ్జెట్ అంచనాల సంస్థ లెక్క కట్టింది. వలస తగ్గుతుందన్నారు. యూరప్ నుంచి తగ్గింది, ఇండియా, నైజీరియా లాంటి దేశాల నుంచి పెరిగింది. 2023 నాటికి నికర వలస రికార్డు స్థాయికి చేరింది.

మన ఇళ్లకు సంబంధించినంత వరకు మూడు మాటలు గుర్తుంచుకోండి. ఒకటి, ఇండియన్ విద్యార్థుల వీసాలు ఎప్పుడూ లండన్ ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. చదువయ్యాక పని చేసుకునే వీసాను 2012లో, అంటే బ్రెగ్జిట్‌కు ముందే, తీసేశారు. 2021లో రెండేళ్ల గ్రాడ్యుయేట్ వీసా పెట్టారు, మళ్లీ దాన్ని 18 నెలలకు కుదించాలని నిర్ణయించారు. 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ కోర్సులవాళ్లు భార్యాపిల్లల్ని తీసుకెళ్లలేరు. అప్పు చేసి పంపే ముందు ఏజెంటు మాట కాదు, ఆ రోజు ప్రభుత్వ రూల్ చూడండి. రెండు, లండన్‌లో దొరికిన వీసాతో ఇప్పుడైనా, అప్పుడైనా పారిస్‌లో ఉద్యోగం చేయడం కుదరదు. మూడు, విడిపోవడం వల్లే బ్రిటన్ సొంతంగా ఇండియాతో వ్యాపార ఒప్పందం చేసుకోగలిగింది. 2025 జూలై 24న సంతకాలు జరిగాయి. ఒప్పందం ప్రకారం ఆంధ్రా తీరం నుంచి వెళ్లే రొయ్యలపై సుంకం సున్నా అవుతుంది.

చూస్తే ఈ గొడవలో పూర్తిగా అబద్ధం చెప్పిన పక్షం లేదు, పూర్తిగా నిజం చెప్పిన పక్షమూ లేదు. అంకె చెప్పేవాడిని అది గ్రాసా, నెట్టా అని అడగాలి. భయపెట్టేవాడిని ఎవరిని చూపించి భయపెడుతున్నావని అడగాలి. విడిపోదాం అనేవాడినీ, కలిసుందాం అనేవాడినీ మర్నాడు పొద్దున ఏం చేస్తావని అడగాలి. బ్రిటన్‌లో ఈ మూడో ప్రశ్న ఓటు వేశాకే అడిగారు. జవాబు రావడానికి నాలుగేళ్లు పట్టింది.