తెలంగాణమున వెట్టి: నిషేధము, ప్రతిఘాతము

సమత్వము ఒక యడుగు ముందునకు సాగినపుడు ప్రతిఘాతము వెంట వచ్చుట లోకచరిత్రయందు పలుమారు కాననగును. అమెరికాలో 1865లో బానిసత్వము రద్దయ్యెను. 1877 తరువాత దక్షిణ రాష్ట్రములందు నల్లజాతివారి హక్కులు మరల హరింపబడెను. తెలంగాణమున వెట్టిచరిత్రయు నిట్టిదే.

నైజాము ప్రభుత్వము 1936లో భగేలా యొడంబడికలను గూర్చి శాసనము చేసెను. అయినను చాకలి, మంగలి, మాదిగ మున్నగువారు దొరల గడీలలో కూలి లేక చాకిరి చేయుచునే యుండిరి. జనగామ ప్రాంతమున పాలకుర్తి నివాసి చాకలి ఐలమ్మ ఆంధ్రమహాసభ కార్యకర్తల తోడ్పాటుతో విసునూరు దేశ్‌ముఖు నెదిర్చి తన పంటను దక్కించుకొనెను. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండునకు బలియయ్యెను. అటుపిమ్మట పెక్కు గ్రామములలో వెట్టి నిలిచిపోయెను; భూములు పంచబడెను. 1948 సెప్టెంబరు పోలీసుచర్య పిమ్మట దొరలు మరలివచ్చి పంచిన భూములలో పెక్కింటిని తిరిగి గైకొనిరి.

1950 నాటి రాజ్యాంగము అస్పృశ్యతను 17వ అధికరణముచేతను, వెట్టిని 23వ అధికరణముచేతను నిషేధించెను. అయినను 1976లో వెట్టిచాకిరి రద్దుకై వేరొక శాసనము కావలసివచ్చెను. 1978లో కరీంనగరు జిల్లా కూలీలు వెట్టిని నిరాకరింపగా, ఆ యేటనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలు కల్లోలిత ప్రాంతములుగా ప్రకటింపబడెను.

ఇందొక భేదము గమనింపదగినది. కేవలము శాసనమే యున్నచోట వెట్టి చెక్కుచెదరక నిలిచెను. చేయువారే కూడి కాదన్న జనగామ ప్రాంతమున ప్రతిఘాతము భూమిని తిరిగి కొనగలిగెను గాని, వెట్టిని యథాపూర్వముగ నిలుపజాలకపోయెను.