కంద పువ్వు

వేసవి జల్లు పడ్డాక దువ్వాడ పెరళ్ళలో ఒక్కోసారి ఒట్టి నేలలోంచి ఊదారంగు పువ్వొకటి లేస్తుంది. ఆకు ఉండదు, కుళ్ళిన మాంసం కంపు. అదేంటో తెలీక తవ్వి పారేసేవాళ్ళూ ఉంటారు. అది మన కందే! పువ్వు వాడాకే గొడుగులాంటి ఆకు వస్తుంది, చలికాలానికి అదీ పడిపోతుంది. దుంప మట్టిలో నిద్రపోతుంది.

ఇదే రైలుదారిలో రాజమండ్రి వైపు వెళ్తే వచ్చే సామర్లకోటలో 1781 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ తోట పెంచాడు. అప్పట్లో మొక్కని గుర్తించడమంటే, కాగితానికి అతికించిన ఎండుకొమ్మని చూసి చెప్పడమే. పువ్వున్న రోజున ఆకు లేని కంద అలా దొరుకుతుందా? ఏడాది పొడుగునా కనిపెట్టుకుని ఉండాలి. రాక్స్‌బర్గ్ మొక్కల్ని పెంచి చూశాడు, దేశీ చిత్రకారులచేత బొమ్మలు గీయించాడు, తెలుగు పేర్లు రాసుకున్నాడు. ఆ పేర్లు చెప్పిన రైతులకి దుంప మళ్ళీ మొలుస్తుందని ఎవరూ చెప్పక్కర్లేదు. విత్తనంగా దాచుకునేది దాన్నే.

1793లో ఆయన కలకత్తా తోటకి వెళ్ళాడు, 1815లో పోయాడు. కోరమండల్ మొక్కల పుస్తకం మూడో సంపుటంలో, 1820లో, కంద 'ఆరమ్ కాంపాన్యులాటమ్' పేరుతో అచ్చయింది. ఇప్పుడా లాటిన్ పేరూ మారింది: 'అమోర్ఫోఫాలస్ పియోనిఫోలియస్'.

తవ్వేసిన చోట పిల్లదుంప ఒక్కటి మిగిలినా వచ్చే వానలకి ఆకు వేస్తుంది. పువ్వుకి మాత్రం దుంప బలిసేదాకా కొన్నేళ్ళు ఆగాలి.